సరిహద్దు తెలుగువారికి ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ: కోర్సుకు ముందే తేల్చుకోవలసిన సంగతులు

ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ ప్రాంతం నుంచి మీరు అడిగిన ప్రశ్నల సారాంశం ఇది. మీ అమ్మాయి ఒడిశా బోర్డు బడిలో తెలుగు మొదటి భాషగా పదో తరగతి పూర్తిచేసి, ఇంటర్మీడియట్ ఆంధ్రప్రదేశ్ వైపున్న పాతపట్నంలో చదివింది. చిన్నపిల్లలకు చదువు చెప్పాలన్నది ఆమె కోరిక. అందుకు ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా అయిన డీఎల్‌ఈడీ చేయాలా, డిగ్రీ తరువాత బీఎడ్ చేయాలా. ఒడిశాలో చేరాలా, శ్రీకాకుళం వైపు వెళ్లాలా. తరగతులకు రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్న మధ్యవర్తిని నమ్మవచ్చా? ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో చాలాకాలం పాఠాలు చెప్పి విరమించినవాడిగా కొంత విస్తారంగానే సమాధానం రాస్తున్నాను. మన సరిహద్దు పిల్లలకు చిక్కు సాధారణంగా శిక్షణలో రాదు. శిక్షణ ముగిసి ఉద్యోగ ప్రకటన చేతికి వచ్చాక, తాము ఏ రాష్ట్రంలో, ఏ భాషలో పాఠం చెప్పడానికి అర్హులో అప్పుడు గానీ వారికి తెలియదు. ఆ రెండు సంగతులూ ముందే తేల్చుకుంటే కోర్సు ఎంపిక దానంతట అదే తేలిపోతుంది.

బీఎడ్ సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే దీని మీద పాత సమాచారం ఇప్పటికీ ఊళ్లలో తిరుగుతోంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు బోధించడానికి బీఎడ్ సరిపోతుందని, నియామకం తరువాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలునని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2018 జూన్ 28న ఇచ్చిన నోటిఫికేషన్ నిజమే. అయితే ఆ వెసులుబాటు చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది. అంతకుముందే సక్రమంగా నియమితులైనవారికి తరువాత రక్షణ లభించింది గానీ, కొత్తగా వచ్చేవారికి ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి ప్రాథమిక తరగతులకే వెళ్లదలచుకున్న అమ్మాయికి డీఎల్‌ఈడీయే సరైన కోర్సు. ఒడిశాలో పెద్దవాళ్లు ఇంకా సీటీ ట్రైనింగ్ అని, ఆంధ్రలో టీటీసీ అని, మహారాష్ట్రలో డీఎడ్ అని పిలిచేది ఇప్పటి డీఎల్‌ఈడీ స్థానంలో ఉన్న శిక్షణనే.

దీనికి ఇంటర్‌లో కనీసం 50 శాతం మార్కులు ఉండాలి; రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంటుంది. కోర్సు రెండేళ్లు. దీన్ని ముందు ముగించి, పక్కనో తరువాతో దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేయడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే డిగ్రీతో పాటు డీఎల్‌ఈడీ ఉన్నవారు ఆరు నుంచి ఎనిమిది తరగతుల పోస్టులకు కూడా జాతీయ మండలి నిబంధనల ప్రకారం అర్హులే. బీఎడ్ ఉన్నవారికి కింది తరగతుల వైపు అటువంటి తలుపు లేదు. ఇంటర్ తరువాత చేరగల నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సు కూడా ఉంది. భువనేశ్వర్‌లోని ప్రాంతీయ విద్యా సంస్థ అందులో పేరున్నది, దాని జాతీయ ప్రవేశ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. 2030 నాటికి ఉపాధ్యాయులకు నాలుగేళ్ల కోర్సే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. ఇంటి పరిస్థితులు నాలుగేళ్ల హాస్టలు చదువును భరించగలిగితే ఆ దారి కూడా ఆలోచించండి.

ఇక అసలు విషయం. పాతపట్నంలో చదివింది కదా, తెలుగు మన మాతృభాషే కదా, ఆంధ్రప్రదేశ్ డీఎస్సీ రాస్తే సరిపోతుందని మన వైపు చాలామంది తలిదండ్రులు అనుకుంటారు. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్థానికత నిర్ణయమయ్యేది భాషను బట్టి కాదు, పదో తరగతి మొదటిసారి రాసిన సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి. మీ అమ్మాయి ఆ నాలుగేళ్లు ఒడిశాలో చదివింది కాబట్టి, ఇంటర్ అక్కడ చదివినా, చుట్టాలందరూ మెళియాపుట్టిలోనో టెక్కలిలోనో ఉన్నా, ఆమె స్థానికేతరురాలే. ఉపాధ్యాయ పోస్టుల్లో 80 శాతం స్థానికులకు పోగా మిగిలిన 20 శాతంలోనే పోటీ పడాలి; అందులో స్థానికులు కూడా పోటీదారులే. మరొకటి, ఒడిశాలో జారీ అయిన కుల ధ్రువీకరణ ఆంధ్రప్రదేశ్ నియామకాల్లో రిజర్వేషన్‌కు పనికిరాదు. ఇతర రాష్ట్రం వారిని ఓపెన్ కేటగిరీలోనే లెక్కిస్తారు. అక్కడి డీఎస్సీలు పెద్దవే, 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. అయినా స్థానికేతర అభ్యర్థికి ఆ సంఖ్యలో దక్కే వాటా ఎంతో పైన చెప్పిన లెక్కను బట్టి మీరే గ్రహించవచ్చు. పోటీ పడవద్దని అనను. దాని మీదే భారం వేసి రెండేళ్ల శిక్షణను అక్కడ పెట్టుకోవడం మాత్రం వివేకం కాదు.

ఒడిశాలో ఆమె ఈ మట్టి బిడ్డే. అయితే ఇక్కడ అడ్డు మరొక రూపంలో వస్తుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. వచ్చునని కాగితం మీద రుజువు కూడా ఉండాలి. ఏడో తరగతి గానీ ఆ పై తరగతి గానీ ఒడియా ఒక భాషా విషయంగా ఉత్తీర్ణులై ఉండడం, లేదా ఒడియా మాధ్యమంలో హైస్కూలు పరీక్ష రాసి ఉండడం, లేదా ఎంఈ స్టాండర్డ్ ఒడియా పరీక్షలో ఉత్తీర్ణత: నియామక ప్రకటనల్లో సాధారణంగా కనిపించే రుజువులు ఇవే. తెలుగు మొదటి భాషగా చదివిన మన పిల్లలు సంతలో, బస్సులో, బడి మైదానంలో ఒడియా ధారాళంగా మాట్లాడతారు. కాగితం అడిగేసరికి తెల్లబోతారు. కాబట్టి ఈ వారంలోనే మీరు చేయవలసిన పని, ఆమె ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకు మార్కుల పత్రాల్లో ఒడియా విషయంగా ఉందో లేదో చూడడం. ఉంటే వాటి ధ్రువీకృత నకళ్లు తీసి పెట్టండి. లేకపోతే ఎంఈ స్టాండర్డ్ ఒడియా పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు తీసుకుంటారో కటక్‌లోని మాధ్యమిక విద్యా బోర్డు ప్రకటనలను గమనిస్తూ ఉండండి. దాని స్థాయి మిడిల్ స్కూలు స్థాయే. గుణింతాలు, ఒత్తులు తెలిసి, వ్యాసం, లేఖ రాయగలిగిన పిల్లకు అది కొండ కాదు. శిక్షణ చివరి వరకు వాయిదా వేస్తేనే అది కొండవుతుంది.

ఒడిశాలో డీఎల్‌ఈడీ ప్రవేశాలకు దరఖాస్తు శామ్స్ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే మనం డైట్ అనేవి, వాటితోపాటు ఎలిమెంటరీ ఉపాధ్యాయ విద్యా సంస్థలు ప్రభుత్వ రంగంలోనే ఉన్నాయి. ప్రభుత్వ సంస్థలో సీటు దొరికే అవకాశం ఉండగా ప్రైవేటు కళాశాల వైపు చూడనవసరం లేదు. తొలి ప్రయత్నంలో సీటు రాకపోతే డిగ్రీలో చేరి మరుసటి ఏడాది మళ్లీ రాయడం, ఎక్కడో దూర రాష్ట్రంలో డబ్బు కట్టి చేరడం కంటే నూరుపాళ్లు మేలు.

ఆ మధ్యవర్తి మాటకు వస్తున్నాను. జాతీయ మండలి 2014 నిబంధనల ప్రకారం డీఎల్‌ఈడీలో ఏటా 200 పనిదినాలు ఉండాలి. తరగతుల్లో 80 శాతం, బడిలో జరిగే ఇంటర్న్‌షిప్‌లో 90 శాతం హాజరు తప్పనిసరి. పరీక్షల సమయానికి వస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అనేవాడు ఈ నిబంధనను ఉల్లంఘించి సర్టిఫికెట్ అమ్ముతున్నాడన్న మాట. అటువంటి కాగితం నియామకపు తనిఖీలో ఏ దశలోనైనా పట్టుబడవచ్చు, అప్పటికి ఆ మధ్యవర్తి ఫోను పనిచేయదు. పైకి పద్ధతిగానే కనిపించే సంస్థ విషయంలో కూడా అడ్మిషన్ ఫీజు కట్టక ముందే దానికి జాతీయ మండలి గుర్తింపు ఉందా, ఏ కోర్సుకు, ఎన్ని సీట్లకు ఉందో మండలి వెబ్‌సైట్‌లో చూడాలి. ఒడిశా సంస్థలు తూర్పు ప్రాంతీయ కమిటీ కింద, మహారాష్ట్రవి పశ్చిమ ప్రాంతీయ కమిటీ కింద, ఆంధ్ర, తెలంగాణ సంస్థలు దక్షిణ ప్రాంతీయ కమిటీ కింద వస్తాయి. బీఎడ్‌కు గుర్తింపు ఉన్న కళాశాల డీఎల్‌ఈడీకి కూడా గుర్తింపు ఉన్నట్టు మాట్లాడడం మామూలే.

కాల వ్యవధి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. బడుల్లో అప్పటికే పనిచేస్తున్న శిక్షణ లేని ఉపాధ్యాయుల కోసం జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) 2017 నుంచి 2019 వరకు 18 నెలల డీఎల్‌ఈడీ నడిపింది. అది ఆ ఉపాధ్యాయుల కోసమే, ఆ గడువు వరకే ఉద్దేశించినది. దాని పేరు చెప్పి ఇప్పుడు ఎవరైనా చిన్న కోర్సు చూపిస్తే వెంటనే లేచి వచ్చేయండి.

శిక్షణలో ఏముంటుందన్నది మీరు అడగలేదు, కానీ అది చెప్పకుండా ఈ సమాధానం పూర్తికాదు. పిల్లల ఎదుగుదల, మనస్తత్వం, భాషా బోధన, గణిత బోధన, పరిసరాల విజ్ఞానం, సమ్మిళిత విద్య, బొమ్మలు, ఆట, కళలు ఇవన్నీ పాఠ్యాంశాలే. నా దృష్టిలో రెండేళ్లలో అన్నిటికన్నా విలువైనది దాదాపు 20 వారాల బడి ఇంటర్న్‌షిప్. చాలామంది విద్యార్థులు పట్టణంలో ఇంటికి దగ్గరగా ఉన్న పెద్ద బడిని కోరుకుంటారు. అవకాశం ఉంటే మీ అమ్మాయిని గుమ్మా వైపో, నువాగడ వైపో కొండల్లో ఉన్న చిన్న బడికి వెళ్లమనండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు పిల్లలకు ఇద్దరే ఉపాధ్యాయులు. అంటే అయిదు తరగతులు, ఇద్దరు మనుషులు. ఒక వైపు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, మరో వైపు మూడో తరగతికి తీసివేత లెక్క ఇచ్చి, రెండో తరగతి పిల్లలు చేతులు ఖాళీగా కూర్చోకుండా చూడడమనే బహుళ తరగతి బోధన పుస్తకంలో ఒక అధ్యాయం మాత్రమే. మన ప్రాంతంలో అదే రోజువారీ ఉద్యోగం. ఆ పద్ధతి ఇంటర్న్‌షిప్‌లో చేతికి రాని వాళ్లు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది చాలా అవస్థ పడతారు.

అక్కడ ఇంకొక సంగతి కూడా కళ్లకు కడుతుంది. సవర పిల్లవాడు ఇంట్లో ఒక భాష మాట్లాడి బడికి వస్తాడు, పుస్తకం ఒడియాలో ఉంటుంది. పర్లాకిమిడిలో రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తిగారు నూరేళ్లకు పైగా కిందటే ఈ చిక్కును గుర్తించి, సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేసి బడులు నడిపించారు. వ్యావహారిక భాషోద్యమం వల్ల మనకు ఆయన తెలుసు గానీ, ఉపాధ్యాయ విద్యలో ఆయనను ఈ సవర బడుల వల్ల చదువుకోవాలి. ఒడిశా ప్రభుత్వం 2006–07 ప్రాంతంలో ఆరంభించిన బహుభాషా విద్యా కార్యక్రమంలో మొదట తీసుకున్న పది గిరిజన భాషల్లో సవర, కువి, కోయ ఉన్నాయి. సవర గానీ కువి గానీ కొద్దిగానైనా మాట్లాడగలిగిన తెలుగు అమ్మాయి రాయగడ, గజపతి కొండ బడుల్లో ఎంత అవసరమో లెక్క కట్టలేం. ఈ మూడో భాషను నేర్చుకోవడానికి శిక్షణ కాలం కన్నా మంచి సమయం దొరకదు.

తరువాతి మెట్టు టెట్. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పనిసరి అయింది. మొదటి పేపర్ ఒకటి నుంచి అయిదు తరగతులకు, రెండో పేపర్ ఆరు నుంచి ఎనిమిది తరగతులకు. ప్రతి పేపర్‌లో 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు, తప్పు జవాబుకు మార్కు కోత లేదు. మొదటి పేపర్‌లో శిశు వికాసం, మొదటి భాష, రెండో భాష, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కొక్కటి 30 మార్కులు. ఉత్తీర్ణతకు 60 శాతం, అంటే 90 మార్కులు కావాలి. ఒడిశా టెట్‌లో ఎస్సీ, ఎస్టీ, ఎస్‌ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులు), దివ్యాంగులకు 50 శాతం. ఒకసారి ఉత్తీర్ణులైతే ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. ఏడేళ్ల పరిమితిని 2021లో తొలగించారు. సర్వీసులో ఉన్నవారికి కూడా ఇప్పుడు దీని నుంచి తప్పించుకునే దారి లేదు: పదవీ విరమణకు అయిదేళ్లకు మించి వ్యవధి ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మైనారిటీ సంస్థల విషయాన్ని మాత్రం విస్తృత ధర్మాసనానికి నివేదించింది. భాషా మైనారిటీ సంస్థగా నడిచే తెలుగు బడిలో టెట్ లేకుండా చేర్చుకుంటామని ఎవరైనా అంటే, ఆ ఉద్యోగం మీద భవిష్యత్తు కట్టుకోవద్దనే నా సలహా.

ఒడిశా టెట్‌లో మొదటి భాషగా ఒడియా, తెలుగు, హిందీ, ఉర్దూ, బెంగాలీలలో ఒకటి ఎంచుకోవచ్చు. రెండో భాష ఇంగ్లీషు. ఇక్కడే మన పిల్లలు ఆలోచించకుండా తెలుగు మీద టిక్ పెట్టేస్తారు. మొదటి భాష అంటే బోధనా మాధ్యమంలో అభ్యర్థి సామర్థ్యాన్ని పరీక్షించే భాగం. తెలుగు ఎంచుకుంటే తెలుగులో పాఠం చెప్పే పోస్టుల వైపు అడుగు వేసినట్టు, అవి కొన్నే. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెప్పింది, తరగతిలో 10 మంది గానీ బడిలో 40 మంది గానీ పిల్లలుంటే మాతృభాషా బోధకుణ్ణి ఇవ్వాలన్న సూత్రం 1949 విద్యామంత్రుల సమావేశం నుంచి ఉన్నదే. అయినా పోస్టులు పిల్లల సంఖ్యను బట్టి వస్తాయి, మన ఇళ్లలోనే పిల్లలను ఇంగ్లీషు మాధ్యమానికి పంపుతున్నప్పుడు తెలుగు బడుల్లో పోస్టులు పెరగమంటే ఎలా పెరుగుతాయి? ఒడియాలో 30కి 20 మార్కుల పైన తెచ్చుకోగల స్థాయికి మీ అమ్మాయి చేరితే ఒడియానే ఎంచుకోమంటాను. అది తెలుగును వదులుకోవడం కాదు. పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం బడుల్లో తెలుగింటి పిల్లలు ఒడియా మాధ్యమంలోనే కూర్చుని ఉన్నారు, వాళ్ల మాట అర్థమయ్యే పంతులమ్మ అక్కడ కూడా కావాలి.

కేంద్రం నిర్వహించే సీటెట్‌ను కూడా రాయించండి. దాని భాషల జాబితాలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి; ఒకటి మొదటి భాషగా, మరొకటి రెండో భాషగా తీసుకోవచ్చు. కేంద్రీయ విద్యాలయాల వంటి చోట్లకు అదే కావాలి. రాష్ట్రాలు మాత్రం ప్రధానంగా తమ తమ టెట్‌నే అడుగుతాయి, ఆంధ్ర టెట్ ఉత్తీర్ణత చూపించి ఒడిశాలో పోస్టు అడగడం కుదరదు.

టెట్ అర్హత మాత్రమే, నియామకం కాదు. ఒడిశాలో ప్రాథమిక స్థాయి నియామకాలు ఒసెపా అనే రాష్ట్ర పాఠశాల విద్యా సంస్థ ద్వారా జూనియర్ టీచర్ స్కీమాటిక్ అనే పేరుతో, విడిగా పోటీ పరీక్ష పెట్టి చేస్తున్నారు. మొదట ఒప్పంద పద్ధతిలో స్థిర వేతనం మీద పనిచేయాలి, రెగ్యులర్ కావడం ఆ తరువాతి మాట. ఈ కాలంలో చేతికి వచ్చే జీతం చూసి నిరుత్సాహపడేవారు ఉన్నారు కాబట్టి ముందే చెబుతున్నాను.

మహారాష్ట్ర వైపు, అంటే సిరొంచ, రాజురా, దెగ్లూరు, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల తెలుగువారికి ఇదే క్రమం కొద్ది తేడాలతో వర్తిస్తుంది. అక్కడ డీఎల్‌ఈడీ ప్రవేశం 12వ తరగతి మార్కుల మెరిట్ మీద జరుగుతుంది. పుణెలోని రాష్ట్ర పరీక్షా మండలి నిర్వహించే మహా టెట్ తరువాత టైట్ అనే 200 మార్కుల ప్రవణతా పరీక్ష రాయాలి, ఆ మార్కులతో పవిత్ర పోర్టల్ ద్వారా జిల్లా పరిషత్ బడుల్లో నియామకం జరుగుతుంది. మొదటి మూడేళ్లు గౌరవ వేతనం మీద ‘శిక్షణ సేవక్’ (మరాఠీలో శిక్షణ అంటే విద్య) అనే హోదాలో బోధించాలి. ప్రాథమిక స్థాయిలో గౌరవ వేతనం 2023 జనవరి నుంచి నెలకు 16,000 రూపాయలు. తెలంగాణకు వెళ్లాలనుకునే ఆ ప్రాంతపు పిల్లలకు అడ్డంకి ఆంధ్ర కంటే గట్టిది: 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడ 95 శాతం స్థానికులకే, స్థానికత లెక్క ఒకటి నుంచి ఏడో తరగతి వరకు జరిగిన చదువు మీద. దెగ్లూరులో ఏడో తరగతి వరకు చదివిన అభ్యర్థి ఆ తరువాత ఎంతకాలం నిజామాబాద్‌లో చదివినా స్థానికుడు కాడు. మరాఠీ మీద పట్టు అక్కడి పిల్లలకు ఒడియా మన పిల్లలకు ఎంత అవసరమో అంతే అవసరం.

చివరగా కాగితాల్లో పేరు విషయం చూసుకోండి. ఒడిశా సర్టిఫికెట్లలో ఇంటిపేరు చివర వస్తుంది, పాతపట్నం కళాశాలలో ఎవరో గుమాస్తా ఇంటిపేరు ముందుకు తెచ్చి పొడి అక్షరంగా కుదించి ఉండవచ్చు, ఆధార్‌లో మూడో రూపం ఉండవచ్చు. పదో తరగతి పత్రంలో ఉన్న పేరును ప్రమాణంగా పెట్టుకుని ఇంటర్ పత్రాన్ని, ఆధార్‌ను, కుల, నివాస ధ్రువీకరణలను దానితో పోల్చి, తేడా ఉంటే శామ్స్ దరఖాస్తు నింపక ముందే సరిచేయించండి. దరఖాస్తులో ఒకసారి నమోదైన పేరే సాధారణంగా శిక్షణ పత్రంలోకి, అక్కడి నుంచి టెట్‌లోకి, నియామక పత్రంలోకి వెళుతుంది. ఇంటర్ పత్రంలో దిద్దుబాటుకు కళాశాల ప్రిన్సిపాల్ ద్వారా బోర్డుకు రాయాలి, దానికి సమయం పడుతుంది కాబట్టి ఏడో తరగతి మార్కుల పత్రం వెతికే రోజునే ఈ పని కూడా మొదలుపెట్టండి.